తెలుగు అక్షరాల చెక్క పెట్టె: కొనొచ్చు, కానీ రెండు కొనండి

ముందే చెప్పేస్తున్నా, పెట్టె మంచిదే. యూకేజీ పిల్లలతో సంవత్సరం చివర్లో నేర్చుకున్నవన్నీ ఒకసారి తిరగేయించడానికి ఇంతకంటే పనికొచ్చిన వస్తువు ఈ మధ్యకాలంలో నా చేతికి రాలేదు. కాకపోతే దీన్ని తయారుచేసినవాళ్ళు ఏనాడూ ఒక ఐదేళ్ళ పిల్ల పక్కన కూర్చుని అది తెలుగు మాట ఎలా కూడబలుక్కుంటుందో చూసినట్టు లేదు, ఇంగ్లీష్ అక్షరాల పెట్టె ఒకటి ముందు పెట్టుకుని ఏ బి సి డి తీసేసి అ ఆ ఇ ఈ అచ్చేశారు, అంతే.

నేను ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో యూకేజీకి తెలుగు చెబుతాను. ఇంగ్లీష్ మీడియం. తెలుగుకి రోజుకో పీరియడ్, అదీ మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, సగం మందికి కళ్ళు మూతలు పడే టైములో. సంక్రాంతి సెలవులు అయిపోయాక మేం కొత్తగా ఏమీ చెప్పం, పరీక్షల దాకా అంతా రివిజనే. ఆ రివిజన్ అంటే మామూలుగా ఏముంటుంది, చార్టు ముందు నిలబెట్టి బెత్తంతో ఒక్కో అక్షరం చూపిస్తూ అందరి చేతా అరిపించడం. దానికి విసుగెత్తి ఈ పెట్టె సొంత డబ్బుతో తెప్పించాను. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇలాంటివి ఆన్‌లైన్‌లో నాలుగైదు రకాలు చూశాను, అన్నీ ఒకే అచ్చు, మూత మీద బొమ్మే తేడా. మీరు ఏది కొన్నా దాదాపు ఇదే కథ. ధర వెయ్యి లోపే.

లోపల ఏముంటాయంటే, అగ్గిపెట్టెకి కాస్త పెద్దవైన చెక్క బిళ్ళలు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం, అచ్చులు ఎరుపు, హల్లులు నీలం. గుణింతం గుర్తులు విడిగా చిన్న బిళ్ళల మీద పచ్చరంగులో ఉంటాయి. చెక్క నునుపుగా ఉంది, అంచులు గుండ్రంగా తీశారు, పిల్లల చేతికి బాగా పడుతుంది. రంగు ఊడలేదు. పిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకునే రకం కాబట్టి ముందు అదే చూసుకున్నాను, పెట్టె మీద ఐఎస్ఐ మార్కు ఉంది. 2021 జనవరి నుంచి మన దేశంలో పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకి ఆ మార్కు తప్పనిసరి, లేకుండా అమ్ముతుంటే మాత్రం ఎంత చవకైనా వద్దు. ఇంట్లో మూడేళ్ళలోపు బుడతలు ఉంటే సున్నా బిళ్ళ, విసర్గ బిళ్ళ తీసి పైన దాచేయండి, మరీ చిన్నవి.

అసలు బిళ్ళలే ఎందుకు, చార్టు చాలదా అంటే, చాలదు. మన పిల్లలకి గుణింతం పాటలా వచ్చేస్తుంది. క తలకట్టిస్తే క, క దీర్ఘమిస్తే కా, క గుడిస్తే కి అని ఊగుతూ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు, వినేవాళ్ళకి ముచ్చటేస్తుంది, తల్లిదండ్రులు వీడియోలు తీసి స్టేటస్ పెట్టుకుంటారు. మధ్యలో ఆపి 'కె' మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అని అడగండి. ఆ పిల్ల కళ్ళు పైకెత్తి మళ్ళీ మొదటి నుంచి లోపల్లోపలే పాడుకుంటూ వస్తుంది. నోరు ఒకచోట ఉంటుంది, వేలు ఒకచోట ఉంటుంది. అది చదవడం కాదని టీచర్లందరికీ తెలుసు, కానీ చార్టులో వరస మారదు కదా, ఆ పాట చెడదు. బిళ్ళలు నేల మీద పోసేస్తే వరస అనేదే ఉండదు. మొదటి రోజు క్లాసులో గడగడా చెప్పే ఇద్దరు ముగ్గురు తడబడిపోయారు, ఎప్పుడూ వెనక బెంచీలో నోరు తెరవని ఒక బాబు మాత్రం 'డ' ఇది, 'గ' ఇది అని గబగబా ఏరుకుంటూ పోయాడు. నాలుగు చార్టులు మార్చినా ఈ సంగతి నాకు తెలిసేది కాదు, ఈ ఒక్కదానికే ఆ డబ్బులు చెల్లిపోయాయి అనుకున్నా.

ఇక తిట్లు.

ఒక్కో అక్షరం ఒక్కటే ఇచ్చారు. ఈ ముక్క చదివి మీరు పెద్దగా పట్టించుకోకపోవచ్చు. కాకి రాయండి చూద్దాం. రెండు 'క'లు కావాలి. తాత? రెండు 'త'లు. మామ, పాప, బాబు, దేనికీ దిక్కు లేదు. యూకేజీ పిల్లకి మొదట నోట్లో ఆడే మాటలన్నీ ఇలా జంట అక్షరాలవే. కానీ ఎవరూ ఏ మాటలోనూ వాడని ఌ, ౡ మాత్రం చక్కగా రెండు బిళ్ళలు చేసి పెట్టారు! యాభై ఆరు అక్షరాల లెక్క పూర్తి కావాలి కాబోలు. ఆ రెండింటి బదులు ఇంకో క, ఇంకో త ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఒత్తులు అసలే లేవు. మూత మీద మాత్రం పెద్ద అక్షరాలతో 'అ – అమ్మ' అని ఉంటుంది, పక్కన చీర కట్టుకున్న అమ్మ బొమ్మ. లోపలి బిళ్ళలతో ఆ అమ్మని రాయలేం. నాకైతే నవ్వొచ్చింది. ఇది ఈ పెట్టె ఒక్కదాని తప్పు కాదులెండి, మన చదువే అలా మొదలవుతుంది, మొట్టమొదటి అక్షరానికి చూపించే మొట్టమొదటి మాటలోనే పిల్లలు అన్నిటికంటే ఆఖర్న నేర్చుకునే ఒత్తు ఉంటుంది. అక్క, అన్న, అమ్మ, అత్త, నాన్న, చెల్లి, తమ్ముడు, వరసలన్నీ ద్విత్వాలే. అందులోనూ క, త, న, మ, ల ఒత్తులు అసలు అక్షరానికి పోలికే ఉండవు. పెద్దలో 'ద' కింద ఒత్తు చూడండి, తలకట్టు తీసేసిన 'ద'యే, పిల్లలు ఇట్టే పోల్చేస్తారు. అమ్మలో 'మ' కింద ఉన్నదాన్ని చూసి అది మ అని ఏ పిల్లైనా ఎలా అనుకుంటుంది? అది కంఠతా పట్టాల్సిందే. ఈ పెట్టెతో ఇంట్లోవాళ్ళలో సాఫీగా పిలవగలిగింది ఒక్క బావనే.

అన్నిటికంటే పెద్ద చిక్కు తలకట్టు. హల్లుల బిళ్ళల మీద క, గ, త, ద, న, ప అన్నీ తలకట్టుతోనే అచ్చేశారు, సరే, క అంటే అదే కదా. కానీ 'కి' రాసేటప్పుడు మనం ఏం చేస్తాం? తలకట్టు పోయి ఆ చోటికి గుడి వస్తుంది. దీర్ఘం అంతే, ఎత్వం అంతే, ఒత్వం అంతే. కొమ్ము, సుడి, సున్నా లాంటివి వచ్చినప్పుడే తలకట్టు అలాగే ఉండిపోతుంది. ఈ పెట్టెలో మరి క బిళ్ళ పైన గుడి బిళ్ళ పెడితే, కింద తలకట్టు, దాని మీద గుడి. ఒక పాప దాన్ని తలొంచి ఇటునుంచీ అటునుంచీ చూసి, "టీచర్, దీనికి రెండు టోపీలెందుకు?" అంది. ఐదేళ్ళ పిల్ల కనిపెట్టింది, కంపెనీవాళ్ళు కనిపెట్టలేదు. పైగా గుణింతం గుర్తుల్లో తలకట్టు బిళ్ళ కూడా ఒకటి ఇచ్చారు. తలకట్టు ఉండే హల్లులన్నిటికీ ముందే అది అచ్చేసి ఉంటే ఈ బిళ్ళ దేని మీద పెట్టుకోవాలి, నా తల మీదా?

బ, ల, జ, ట లాంటి వాటికి తలకట్టు ఉండదు కాబట్టి వాటి గుణింతాలు చాలావరకు కుదిరాయి. మ, య సంగతి చెప్పక్కర్లేదు, వాటికి గుడి పడే తీరే వేరు.

కొమ్ముతో ఇంకో తమాషా జరిగింది. వ పక్కన కొమ్ము బిళ్ళ ఆనించి పెడితే అది చూడటానికి అచ్చం మ. మనం చేత్తో రాసేటప్పుడు అందుకే 'వు'కి కొమ్ము కింద నుంచి తిప్పుతాం, ఎందుకని ఎవరూ చెప్పరు, అలవాటైపోతుంది. ఆవు అని పేర్చి ఒక బాబుని చదవమంటే "ఆమ" అన్నాడు. వాడి తప్పేం లేదు, బిళ్ళలు చెబుతున్నది అదే. "కాదురా, ఆవు" అని నేనంటే ఇంకోసారి పరీక్షగా చూసి, నా వైపు జాలిగా చూశాడు.

బిళ్ళకి పై వైపు ఏదో తెలియడానికి గుర్తు కూడా లేదు. గ తలకిందులుగా పెడతారు, ర తలకిందులుగా పెడతారు, ఇక అక్కణ్ణుంచి ఏ మాటా కుదరదు. దీనికి మందు సులువే, ప్రతి బిళ్ళకీ కింది అంచున నెయిల్ పాలిష్‌తో ఒక గీత పెట్టాను. ఆ గీత నేల వైపు ఉండాలి అంటే పిల్లలకి ఒక్కసారికే అర్థమైంది.

తలకట్టుకి మందు కాస్త ఖరీదైంది. ఇంకో పెట్టె కొన్నాను (అందుకే టైటిల్‌లో రెండు కొనమన్నది), అందులోని హల్లులకి శాండ్ పేపర్ పెట్టి తలకట్టు మేరకు మాత్రం రుద్ది తీసేశాను. మా ఆయన పక్కన కూర్చుని సాయం పట్టారు, కొత్త వస్తువు కొని గీకడమేంటని గొణుగుతూనే. ఆ గీకిన బిళ్ళలకి పిల్లలు 'బోడి క', 'బోడి త' అని పేర్లు పెట్టుకున్నారు. అప్పుడు చూడండి మజా. బోడి క మీద గుడి పెడితే కి, దీర్ఘం పెడితే కా, తలకట్టు బిళ్ళ పెడితే క! అప్పటిదాకా పనికిమాలినదనుకున్న ఆ తలకట్టు బిళ్ళ కోసం ఇప్పుడు కొట్టుకుంటున్నారు. తలకట్టు కూడా గుడిలాగే, కొమ్ములాగే ఒక గుర్తు, అది కూడా పెడితేనే 'అ' శబ్దం వస్తుంది అనే ముక్క నేను ఇన్నేళ్ళూ నోటితో చెబుతూనే ఉన్నాను, ఎవరి బుర్రకీ ఎక్కలేదు. బోడి క చేతిలో పట్టుకున్న రోజున ఎక్కింది. కంపెనీవాళ్ళు మొదటే హల్లుల్ని బోడిగా అచ్చేస్తే ఈ పెట్టెకి ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని.

పలకతో పోల్చమని ఒకరిద్దరు తల్లులు అడిగారు. పలక, బలపం వేరే పని చేస్తాయి, అవి రాయడానికి. మార్కాపురం రాతి పలకలు ఒకప్పుడు దేశమంతా వెళ్ళేవి, ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా ప్లాస్టిక్ చట్రం, పక్కన పూసలు ఉన్న పలకలే దొరుకుతున్నాయి, అవీ పర్లేదు. కానీ వేళ్ళలో ఇంకా పట్టు రాని పిల్లకి రాయడం ఒక కష్టం, చదవడం ఒక కష్టం, రెండూ ఒకేసారి నెత్తిన పెడితే రెండూ రావు. బిళ్ళలతో రాసే కష్టం ఉండదు, మాట మీదే ధ్యాస ఉంటుంది. బటన్ నొక్కితే 'అ' అని అరిచే బొమ్మల చార్టులు కూడా ఉన్నాయి చూశారూ, అవి మాత్రం దండగ. పిల్లకి బటన్ నొక్కడం వస్తుంది.

ఒక ఆశ. విశాఖ వైపు ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్క రంగులతో బొమ్మలు చేస్తారు కదా, 2017లో వాటికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. అంత నునుపు, అంత మంచి రంగు, చెట్ల నుంచి తీసిన రంగులు. ఆ చేతులతో గుణింతం గుర్తులు చేయించి, తెలుగు తెలిసిన ఒక టీచర్‌ని పక్కన కూర్చోబెడితే ఎలా ఉంటుందో!

ఇంతకీ ఈ రెండు పెట్టెలతో సంవత్సరం చివర్లో ఏం చేశామో కూడా చెప్పాలి, అసలు ఈ రివ్యూ రాయాలనిపించింది దానికే. మనకి అక్షరాభ్యాసం పెద్ద పండుగ. బాసర వెళ్తాం, వసంత పంచమికి గంటల తరబడి క్యూలో నిలబడతాం, బియ్యంలో పిల్ల వేలు పట్టుకుని మనమే రాయిస్తాం. పిల్ల ఇంకా ఒక్క అక్షరం నేర్చుకోకముందే జరిగే పండుగ అది. మరి ఆ పిల్ల ఎవరూ వేలు పట్టుకోకుండా ఒక మాట సొంతంగా చదివిన రోజున ఏం చేస్తున్నాం? ఏమీ లేదు. ఇప్పుడైతే యూకేజీ అవగానే గ్రాడ్యుయేషన్ డే అని నల్ల గౌను, నాలుగు పలకల టోపీ అద్దెకి తెచ్చి ఫొటోలు తీస్తున్నారు చాలా స్కూళ్ళలో. ఏప్రిల్ ఎండలో ఆ గౌనులో పిల్లలు ఉడికిపోతుంటారు. ఫొటో బాగానే వస్తుంది, కాదనను.

మా క్లాసులో వేరేగా చేశాం. తల్లిదండ్రుల్ని, తాతల్ని, నాయనమ్మల్ని రమ్మన్నాం. పాటలు లేవు, డాన్సులు లేవు. పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు వచ్చి బిళ్ళలతో తమకి తోచిన మాట పేర్చాలి, వాళ్ళ పిల్ల కాదు, వేరే వాళ్ళ పిల్ల వచ్చి చదవాలి. ఒత్తులు లేని మాట, మూడక్షరాలు దాటకూడదు. అందించడం నిషేధం. ఈ అందించకూడదన్న రూలు పిల్లలకి కాదు, పెద్దవాళ్ళకి కష్టమైంది. పడవ అన్న మాట ముందు ఒక పాప నిలబడి 'ప' అని, 'డ' అని, వ దగ్గర ఆగింది. గది వెనక నుంచి వాళ్ళమ్మ పెదాలు కదిలిస్తోంది, పక్కావిడ ఆమె చెయ్యి పట్టి ఆపింది. ఆ పిల్ల వ మీద వేలు పెట్టి దాని మెలిక తడుముతూ కాసేపు ఉండిపోయింది, తర్వాత మూడూ విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి, ఆ తర్వాత గట్టిగా "పడవ!" అంది. చప్పట్లు కొట్టేశారు అందరూ. ఒక తండ్రి 'జీతం' అని పేర్చాడు, చదివిన బాబు వెంటనే "అంటే?" అన్నాడు, "నెలాఖరుకి ఉండనిది" అని ఇంకో తండ్రి అందుకున్నాడు, గదంతా నవ్వులు. ఒక తాతగారు మాత్రం 'పలక' అని పేర్చి, పిల్ల చదవకముందే తను చిన్నప్పుడు ఇసుకలో అక్షరాలు దిద్దిన సంగతులు మొదలుపెట్టారు, ఆయన్ని ఆపడానికి టైము పట్టింది.

అందరూ చదివారా అంటే లేదు. పాతికమందిలో నలుగురైదుగురు విడి అక్షరాలు చెప్పగలిగారు, కలపలేకపోయారు. వాళ్ళ అమ్మానాన్నల మొహాలు చూశాను. ఒకావిడ ఆ తర్వాత పక్కకి వచ్చి, "మేడమ్, మా వాడు వెనకబడ్డాడా, ట్యూషన్ పెట్టించమంటారా" అంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా మొత్తం ఒకే పునాది దశ అంటోంది. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం పెట్టుకున్న గురి కూడా పిల్లలు మూడో తరగతి పూర్తయ్యేసరికి అర్థం చేసుకుంటూ చదవాలని, 2026–27 కల్లా అందరికీ అది రావాలని. యూకేజీకే గడగడా చదివేయాలని ఎవరూ అనలేదు. మన స్కూళ్ళు, పక్కింటి వాళ్ళు, ఫోన్లో వీడియోలు కలిసి పెట్టిన టెన్షన్ ఇది. అక్షరాలు గుర్తుపడుతున్నాడు కదా, ఎండాకాలంలో రోజూ ఓ పావుగంట ఆడించండి, కలపడం అదే వస్తుందని చెప్పి పంపాను. ట్యూషన్ మాత్రం వద్దన్నాను.

బిళ్ళలతో మూడక్షరాల మాటలు వచ్చేశాక పుస్తకం కావాలి, అక్కడ డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అని ఒక సైట్ ఉంది, 2015 నుంచి నడుస్తోంది, తెలుగులో బోలెడు బొమ్మల కథలు ఉచితం, దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు, పిల్లలకి పంచొచ్చు, దానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. మొదటి స్థాయి కథలు తీసుకోండి, పేజీకి ఒకటో రెండో వాక్యాలుంటాయి, అదే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. ప్రింట్ తీసేముందు ఒకసారి మీరు చదివి చూసుకోండి, ఒత్తులు తక్కువున్నవి ముందు, ఎక్కువున్నవి తర్వాత.

రేటింగ్ అంటే, కొన్నది కొన్నట్టు వాడితే ఐదుకి మూడు. రెండు పెట్టెలు కొని, ఒకదానికి శాండ్ పేపర్ పట్టించి, రెండింటికీ నెయిల్ పాలిష్ గీతలు పెట్టుకునే ఓపిక ఉంటే నాలుగున్నర. ఇంట్లో ఒక్క పిల్లే ఉంటే ఒక పెట్టె చాలు, తక్కువ పడ్డ అక్షరాలు అట్టముక్కల మీద స్కెచ్ పెన్‌తో రాసుకోండి, తలకట్టు లేకుండా. స్కూళ్ళకైతే రెండూ చాలవు, మూడు కావాలి. విడి అక్షరాలు అమ్మే షాపు ఎక్కడైనా ఉంటే మాత్రం చెప్పండి, నాకింకో రెండు 'క'లు, రెండు 'త'లు కావాలి. 'మ' ఒత్తు దొరికితే బేరం కూడా ఆడను.